సత్ప్రవర్తనకు సాక్షి ఎవరు?

హైదరాబాదు నగరమునుండి ఉత్తరముగా సాగు రెండు రహదారులు మన ప్రాంతపు ప్రజలకు చిరపరిచితములు. ఒకటి మేడ్చల్ మీదుగా నిజామాబాదు వైపు పోవు జాతీయ రహదారి. రెండవది శామీర్‌పేట చెరువు ప్రక్కగా కరీంనగరము వైపు పోవు రాజీవ్ రహదారి. ఒకప్పుడు ఈ దారుల వెంట కూరగాయల గంపలు, పాలబిందెలు, ధాన్యపు బండ్లు నగరమునకు వచ్చెడివి. నేడు వీని వెంట మనుష్యులు దేశాంతరములకు పోవుచున్నారు. ఉత్తర తెలంగాణ పల్లెలనుండి గల్ఫు దేశములకు బయలుదేరు కూలివాడును, ఈ పరిసరములందలి కళాశాలలలో చదివి కెనడాకో ఆస్ట్రేలియాకో పోవు పట్టభద్రుడును ఇక్కడనే ఔటర్ రింగు రోడ్డు ఎక్కి శంషాబాదు విమానాశ్రయము చేరుదురు. ఒకని చేత తాపీ, ఒకని చేత కంప్యూటరు. కాని ఇరువురి వెంటను పడుచున్న కాగితము ఒక్కటే. దానికి పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు అని పేరు.

ఈ కాగితములో ఉండునది మిక్కిలి స్వల్పము. ఫలానా పాస్‌పోర్టు కలిగిన ఫలానా వ్యక్తిపై, ఆ దేశమున ప్రవేశించుటకు అనర్హుని చేయునట్టి ప్రతికూల సమాచారమేదియు లేదని దాని సారాంశము. ఇతడు మంచివాడని అది చెప్పదు. చెడ్డవాడని తెలియవచ్చిన జాడ లేదని మాత్రము చెప్పును. మంచితనమును నిరూపించుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు గనుక, దోషము కనబడకుండుటయే మంచితనమునకు మారుపేరుగా చెలామణి అగుచున్నది. స్వదేశమున ఉన్నవానికే ఇది కొంత శ్రమతో కూడిన పని. సముద్రములకు ఆవల ఉండి, పుట్టిన గడ్డనుండి ఈ నాలుగు పంక్తులు తెప్పించుకొనవలసిన వాని స్థితి యెట్టిదో నాకు ఒక తండ్రి వలన తెలిసినది.

ఆయన కుమారుడు నా పూర్వ విద్యార్థి. శామీర్‌పేటకు సమీపమున ఒక గ్రామము వారిది. ఆ బాలుడు కెనడా పోయి ఆరేండ్లైనది. అక్కడ శాశ్వత నివాసమునకు ఆహ్వానము వచ్చినది. ఆహ్వానము అందిన 60 దినములలో సమస్త పత్రములతో దరఖాస్తు సమర్పింపవలెనని ఆ దేశపు నియమము. మిగిలిన కాగితములన్నియు సిద్ధమైనవి. స్వదేశపు పోలీసు సర్టిఫికెట్టు ఒక్కటియే రాలేదు. ఒకనాటి సాయంకాలము ఆ తండ్రి మా యింటికి వచ్చి, అరుగు మీద కూర్చుండి, తల వంచుకొని ఇట్లనెను: "సారూ, మా పిల్లగాడు ఈడ ఒక్కనితోని గూడ లొల్లి పెట్టుకున్నోడు గాదు. ఊళ్లె ఎవ్వలను అడిగినా చెప్తరు. గని ఇప్పుడు ఊళ్లె మమ్ముల ఎరిగినోళ్లే లేకపాయె."

ఆ చివరి వాక్యము నన్ను చాలదినములు వెంటాడినది. ఈ వ్యాసమునకు మూలము అదియే.

విదేశమున నివసించు భారతీయుడు ఈ సర్టిఫికెట్టును అక్కడి మన రాయబార కార్యాలయము ద్వారానో కాన్సులేటు ద్వారానో కోరవచ్చును. దరఖాస్తు ఆన్‌లైనులో నింపవలెను. పెక్కు దేశములలో కాగితములు స్వీకరించు పనిని మన ప్రభుత్వము బయటి సంస్థలకు అప్పగించినది. పాస్‌పోర్టు వివరములు సరిచూచి, అవసరమని తోచినచో ఆ విషయమును స్వదేశమునకు పంపుదురు. అప్పుడది పాస్‌పోర్టు కార్యాలయమునుండి పోలీసు కార్యాలయమునకు, అటనుండి చిరునామాగల ఠాణాకు దిగివచ్చును. విచారణాధికారి నివేదిక తిరిగి అవే మెట్లెక్కి సముద్రము దాటిన పిమ్మట సర్టిఫికెట్టు చేతికి వచ్చును. స్వదేశమునకు సెలవుపై వచ్చినవాడు ఇక్కడి పాస్‌పోర్టు సేవా కేంద్రమునందే 500 రూపాయల రుసుము చెల్లించి పొందవచ్చును. ఇందులో ఒక పొరపాటునకు తరచుగా తావు కలుగుచున్నది. ఉద్యోగముల నిమిత్తము స్థానిక పోలీసులు నేరుగా ఇచ్చు ధ్రువపత్రము వేరు. విదేశ ప్రభుత్వములు సాధారణముగా కోరునట్టి, పాస్‌పోర్టు కార్యాలయమో రాయబార కార్యాలయమో ఇచ్చునది వేరు. మొదటిదానిని పట్టుకొని రెండవదాని కొఱకు ఎదురుచూచి, గడువు దాటించుకొనువారు లేకపోలేదు.

ఈ కాగితమును విదేశములు ఎందులకు అడుగుచున్నవి? పరాయి మనుష్యుని తమ గడపలోనికి రానిచ్చునప్పుడు వాని పూర్వ వృత్తాంతము తెలిసికొనగోరుట తప్పనలేము. శాశ్వత నివాసము కోరినవాడు 18 ఏండ్లు నిండిన తరువాత, గడచిన 10 సంవత్సరములలో, వరుసగా ఆరు నెలలు లేక అంతకుమించి నివసించిన ప్రతి దేశమునుండియు పోలీసు సర్టిఫికెట్టు తేవలెనని కెనడా శాసించినది. ఆస్ట్రేలియా గడచిన 10 సంవత్సరములలో మొత్తము మీద 12 నెలలు నివసించిన దేశములను లెక్కించును. అనగా దుబాయిలో నాలుగేండ్లు, సింగపూరులో రెండేండ్లు పనిచేసిన మన యువకుడు మూడు దేశముల పోలీసుల తలుపులు తట్టవలెను. లోకము విశాలమైన కొలది సాక్షుల సంఖ్యయు పెరుగుచున్నది.

చదువుకొన్నవాని కష్టము ఇది. కూలివాని కష్టము ఇంతకంటె లోతైనది. 2018 ఫిబ్రవరిలో సంయుక్త అరబ్ ఎమిరేట్లు పని వీసాలకు సత్ప్రవర్తన పత్రము తప్పనిసరి చేసినవి. రెండు నెలలు తిరుగక మునుపే ఆ నియమమును నిలిపివేసినవి. 2022 ఆగస్టులో సౌదీ అరేబియా భారతీయులకు అట్టి నియమమే విధించినది. సేవా కేంద్రములందు రద్దీ పెరిగినది. ఆ ఒత్తిడిని తగ్గించుటకై మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరు 28నుండి దేశమందలి తపాలా కార్యాలయ పాస్‌పోర్టు సేవా కేంద్రములలోను ఈ దరఖాస్తులు స్వీకరించు ఏర్పాటు చేసినది. మేడ్చల్‌లోని తపాలా కేంద్రము అట్టివానిలో ఒకటి. తీరా 2022 నవంబరు 17న సౌదీ రాయబార కార్యాలయము భారతీయులకు ఆ నియమమును రద్దు చేసినట్లు ప్రకటించినది. మూడు నెలల ముచ్చట! రాజధానులలో ఒక సంతకముతో పుట్టి మరొక సంతకముతో గిట్టిన ఆ నియమము కొఱకు, పల్లెలో అప్పు తెచ్చిన డబ్బుతో వీసాకై కాచుకొనియున్న వాడు ఎన్ని దినముల కూలి పోగొట్టుకొని ఉండును? వడ్డీకి సెలవు దినములు లేవు గదా!

ఇక మన సర్టిఫికెట్టు స్వభావమును మరికొంత నిదానించి చూడవలెను. అమెరికా పౌరుడు తన దేశమునుండి ఇట్టి పత్రము కోరినచో, కేంద్ర దర్యాప్తు సంస్థయగు ఎఫ్.బి.ఐ.కి పది వ్రేళ్ల ముద్రలు పంపును. ఆ ముద్రలకు సరిపోలు నేరచరిత్ర కలదో లేదో వారు చూచి చెప్పుదురు. అనగా అక్కడ శరీరము సాక్ష్యము పలుకును. మన పద్ధతిలో ముఖ్యముగా సాక్ష్యము పలుకునది పేరును, చిరునామాయును. ఇందులో ఒక చారిత్రకమైన విచిత్రము కూడ కలదు. వ్రేలిముద్రలనుబట్టి మనిషిని గుర్తించు కార్యాలయము ప్రపంచమున మొట్టమొదట వెలసినది 1897లో, మన కలకత్తా నగరమున. అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను భారతీయ ఉద్యోగులు ఆ ముద్రలను వర్గీకరించు విధానమును రూపొందించుటలో ప్రధానముగా కృషి చేసిరి. మన నేలపై పెరిగిన విద్య అన్యదేశములలో వలసదారునికి నిమిత్తమాత్రపు పనియైనది. మనము మాత్రము నేటికిని ఇంటి నంబరును, వీధిని, గ్రామమును నమ్ముకొని యున్నాము.

నమ్ముకొనుటలో దోషము లేదు, ఆ ఇల్లు, ఆ వీధి, ఆ గ్రామము నిలకడగా ఉన్నంతవరకు. మేడ్చల్, శామీర్‌పేటల సంగతి చూడుడు. ఈ ప్రాంతము హైదరాబాదు జిల్లాలో ఉండెను. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 2014 జూన్ 2న రాష్ట్రము పేరు మారినది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి అను క్రొత్త జిల్లా పుట్టినది. గ్రామ పంచాయతీలు పలుచోట్ల పురపాలక సంఘములైనవి. 2025 చివరలో మేడ్చల్ పురపాలక సంఘము హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమైనది. ఇన్ని మార్పులలోను వేపచెట్టు క్రింది పెంకుటిల్లు జానెడు దూరమైన కదలలేదు. కాని దాని చిరునామా మాత్రము రెండు రాష్ట్రములు, మూడు జిల్లాలు తిరిగి వచ్చినది. నా విద్యార్థి 2013లో తీసికొనిన పాస్‌పోర్టునందు ఆంధ్రప్రదేశము, రంగారెడ్డి జిల్లా అని యున్నది. కాలము తీరగా కెనడాలోనే క్రొత్తది తీసికొనెను గాని, ఇంటి వివరములు వ్రాయవలసిన చోట ఆ పాత పంక్తులనే తిరిగి వ్రాసెను. వాని తప్పేమి? పుట్టిన ఊరి చిరునామా మారునని ఏ బిడ్డడు ఊహించును?

జిల్లా పేరు మారుటకంటె పెద్ద మార్పు మరియొకటి జరిగినది. శామీర్‌పేట మండలమందలి తుర్కపల్లి పరిసరములలో జీనోమ్ వ్యాలీ వెలసి, ఔషధ పరిశోధనశాలలు, టీకాల కర్మాగారములు వచ్చినవి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము వచ్చినది. ఔటర్ రింగు రోడ్డు వచ్చినది. వాని వెంట వెంచర్లును, ప్రహరీగోడల నడుమ విల్లాలును, అపార్టుమెంట్లును వచ్చినవి. ఇవి ప్రాంతమునకు ఉపాధి తెచ్చినవనుట సత్యము. కాని వీని రాకతో పొలములు చేతులు మారినవి. పొలములతోపాటు మనుష్యులును మారిరి. నా విద్యార్థి తల్లిదండ్రులు ఇల్లు, స్థలము అమ్మి, మేడ్చల్‌లో అద్దె యింటికి చేరిరి. పాత ఇంటి స్థానమున నాలుగంతస్తుల భవనము లేచినది. విచారణకై వచ్చిన కానిస్టేబులు ఆ భవనము ముందు నిలిచి అడిగినాడు. పొరుగు రాష్ట్రమునుండి పొట్టకూటికై వచ్చిన కాపలాదారు, ఆ పేరుగలవాడు ఇక్కడ లేడని చెప్పినాడు. పై అంతస్తువారు తమకు తెలియదనిరి. ముగ్గురును నిజమే చెప్పిరి. కానిస్టేబులును తాను విన్నదే వ్రాసినాడు. ఎవ్వరును అసత్యమాడకుండగనే ఒక నిరపరాధి కాగితములో కనబడకుండ పోయినాడు!

పూర్వము ఊరిలో ఒక బాలుని గూర్చి అడిగినచో వాని తాత ఎట్టివాడో కూడ చెప్పెడివారు. ఆ సాక్ష్యములో పక్షపాతముండవచ్చును. కులమును, కక్షయు చేరి ఉండవచ్చును. పల్లె జ్ఞాపకము అంతయు పవిత్రమని నేననను. అధికారి ముందు ఒకని పేరు చెడగొట్టుటకు ఒక్క పెద్ద మనిషి పెదవి విరుపు చాలిన దినములు కలవు. ఆ దృష్టితో చూచినచో దస్త్రము మేలు. 2009లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన సి.సి.టి.ఎన్.ఎస్. అను పథకము క్రింద దేశమందలి ఠాణాల దస్త్రములను కంప్యూటర్లతో అనుసంధించినారు. దానిని వెదకినచో ఒకనిపై కేసు ఉన్నదీ లేనిదీ ఇరుగుపొరుగుల ప్రసక్తి లేకయే చాలవరకు తెలియును. మరి దస్త్రము చెప్పగల సంగతిని కాపలాదారును అడుగనేల? ఊరి సాక్ష్యము చెల్లిపోయిన చోట ఊరిని అడుగుట, దస్త్రము నోరు విప్పగల చోట దానిని మూసియుంచుట, ఈ రెండును కలిసి నేటి ఆలస్యమునకు కారణములగుచున్నవి.

అయితే దస్త్రమునకును ఒక దోషము కలదు. అది ఆరోపణను, అపరాధమును ఒకే సిరాతో వ్రాయును. కేసు నమోదైనవాడు దోషి కాడు. న్యాయస్థానము తేల్చువరకు అతడు నిర్దోషియే అని పౌరశాస్త్ర పాఠములో మనము పిల్లలకు బోధించుచున్నాము. కాని కేసు తేలువరకు సర్టిఫికెట్టు చిక్కున పడును. 2009 మొదలు 2014 వరకు సాగిన తెలంగాణ ఉద్యమములో రాస్తారోకోలలోను, ధర్నాలలోను పాల్గొన్న విద్యార్థులపై కేసులు నమోదైనవి. రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ప్రభుత్వము అట్టి కేసులను అనేకము ఉపసంహరించినది. ఉపసంహరణ జరిగినను, ఆ సంగతి ప్రతి దస్త్రమునందును ఎక్కినదో లేదో చూచుకొనవలసిన భారము ఆ యువకులపైననే పడును. చట్టము క్షమించుటకును, దస్త్రము మరచుటకును నడుమ దూరము చాల ఉన్నది.

దేశాంతరము పోవు తెలుగువానిని కాగితముపైకి ఎక్కించుట నేటి మాట కాదు. 1860లో మద్రాసు రేవునుండి ట్రూరో అను నౌక ఒప్పంద కూలీలతో బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరెను. అటుతరువాత వెళ్లిన నౌకల పరంపరలో తెలుగువారును వేలకొలది పోయిరి. ఆ కాలపు కూలీ పత్రములపై పేరు, తండ్రి పేరు, కులము, జిల్లా, గ్రామము వ్రాసి, శరీరముపై నున్న మచ్చలను కూడ గుర్తించెడివారు. ఆనాడు కావలసినది కండ బలము. నడవడికను గూర్చిన ప్రశ్న దానికి తరువాతిది. నేడు ప్రశ్న మారినది గాని, పేరు, తండ్రి పేరు, గ్రామము అను వరుస మాత్రము మారలేదు.

స్వతంత్ర భారతమున ఒక గొప్ప మార్పు వచ్చినది. 1967 ఏప్రిల్ 10న సర్వోన్నత న్యాయస్థానము, విదేశము పోవు హక్కు రాజ్యాంగము ప్రసాదించిన వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని తీర్పు చెప్పినది. సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులోని ఆ అధిక సంఖ్యాకుల తీర్పును వ్రాసినవారు తెలుగువారగు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. ఆ ఏడే పాస్‌పోర్టుల చట్టము పుట్టినది. నాటివరకు అధికారుల దయపై ఆధారపడిన పాస్‌పోర్టు నాటినుండి చట్టబద్ధమైన హక్కుగా నిలిచినది. మన ప్రశ్న ఆ తీర్పునకు ఒక మెట్టు ముందుది. పోవుటకు హక్కున్నవానికి, తనపై దోషము లేదను మాటను తన ప్రభుత్వమునుండి సకాలమున పొందుటకు మాత్రము హక్కు లేదా? గడువు దాటిన పిమ్మట చేతికి వచ్చు సత్యము, చేతికి రానిదానితో సమానమే గదా!

కావున చేయవలసిన పనులు కొన్ని స్పష్టముగా కనబడుచున్నవి. విదేశమునుండి వచ్చిన దరఖాస్తును తొలుత దస్త్రములందే పరిశీలించి, అందులో ప్రతికూలత లేనప్పుడు పాత చిరునామాకు పోయి విచారించు పద్ధతిని మానుకొనవచ్చును. జిల్లాల పునర్విభజన జరిగినచోట పాత జిల్లా, పాత ఠాణా పేర్లను క్రొత్తవానితో ముడివేసిన పట్టిక ప్రతి రాయబార కార్యాలయమునందు ఉండవలెను. నివేదిక ప్రతికూలముగా వచ్చినచో కారణమును దరఖాస్తుదారునికి వెంటనే తెలిపి, సమాధానము చెప్పుకొను అవకాశమీయవలెను. విదేశ ప్రభుత్వములు ఇట్టి నియమములు క్రొత్తగా పెట్టునప్పుడు, అమలునకు ముందు తగినంత వ్యవధి ఉండునట్లు మన ప్రభుత్వము సంప్రదింపులు జరుపవలెను. పోవువారును తమవంతు జాగ్రత్త వహింపవలెను. దేశము విడుచుటకు ముందే సర్టిఫికెట్టు తీసికొని భద్రపరచుకొనుట, ఇల్లు మారినప్పుడెల్ల చిరునామా దిద్దించుకొనుట, పాత పాస్‌పోర్టు ప్రతులను పారవేయకుండుట అను మూడు పనులు చిన్నవే. కాని పదివేల మైళ్ల దూరమున ఉన్నప్పుడు అవియే కొండంత అండ.

ఇక ఆ తండ్రి కథ. ఆయన ఊరూరు తిరిగి, పాత పరిచితుల జాడ తీసి, రహదారి ప్రక్కకు మారిన ఒక కిరాణా దుకాణదారుని పట్టుకొనెను. ఆ వృద్ధునికి బాలుడు గుర్తున్నాడు. వాడు కొనెడి బలపములు కూడ గుర్తున్నవి. తరువాత తాను చదివించిన ప్రభుత్వ పాఠశాలకు పోయెను. ప్రధానోపాధ్యాయురాలు బీరువా తెరచి పాత ప్రవేశ పుస్తకము తీసిరి. అందులో బాలుని పేరు, తండ్రి పేరు, గ్రామము, పుట్టిన తేదీ చెక్కుచెదరక ఉన్నవి. రాష్ట్రము మారినను, జిల్లా మారినను, ఇల్లు కూలినను ఆ పంక్తి మారలేదు. వీనిని చూచి విచారణాధికారి రెండవ నివేదిక పంపినాడు. గడువునకు నాలుగు దినములు మిగిలియుండగా సర్టిఫికెట్టు వాని చేరినది.

ఆ పుస్తకమును నేనును చూచితిని. బడి విడిచిన విద్యార్థికిచ్చు పత్రపు నకలు దానికి అంటించి యున్నది. "నడవడిక" అను గడిలో "మంచిది" అని ఒక ఉపాధ్యాయుని చేవ్రాలు. ముప్పది ఏండ్లుగా నేనును అట్టి పత్రములపై సంతకము చేయుచున్నాను. సత్యము చెప్పవలెనన్న, వందల పత్రములపై ఆ మాటను ఒకే ఊపున వ్రాసి పారవేసితిని. వ్రాయునప్పుడు ఆ పిల్లవాని ముఖము నా కన్నుల ముందు మెదలలేదు. పోలీసు సర్టిఫికెట్టు ఒకనిలో దోషము లేదని మాత్రమే చెప్పగలదు. వాడు మంచివాడని చెప్పు అధికారము ఈ దేశమున ఎవరికైన మిగిలియున్నచో, అది వానిని పదేండ్లు ఎదుట కూర్చుండబెట్టుకొని చూచిన బడిపంతులుకు మిగిలియున్నది. ఊరు చెదరిపోవుచున్న ఈ దినములలో, ఊరి సాక్ష్యము మన బడి బీరువాలలో తలదాచుకొన్నది. ఈ ఏడు ఆ గడి నింపునప్పుడు, మిత్రులారా, ఒక్క నిమిషము కలము ఆపి, ఆ పిల్లవాని ముఖము చూచి వ్రాయుదము.